ఫ్రాన్సులో చెక్కులు, వర్తకపు బిల్లుల అనాదరణ

గడువు నాటికి సొమ్ము అందని వర్తకపు బిల్లు లేదా చెక్కు విషయంలో ఫ్రెంచి చట్టం నిర్దేశించిన ప్రధాన లాంఛనాన్ని 'ప్రొతే' అంటారు. ఆంగ్లంలో దీనికి ప్రొటెస్టు అని పేరు. సొమ్ము చెల్లించడానికి నిరాకరణ జరిగినదని అధికారికంగా ధ్రువీకరించే పత్రమిది.

నేపథ్యం

బిల్లులపై 1930లోను, చెక్కులపై 1931లోను జెనీవాలో అంతర్జాతీయ ఒప్పందాలు కుదిరాయి. వీటిని ఫ్రాన్సు 1935 అక్టోబరు 30 నాటి శాసనాల ద్వారా తన చట్టంలో చేర్చుకొన్నది.

వర్తకపు బిల్లులు

నిర్ణీత తేదీన చెల్లవలసిన బిల్లుకు ఆ తేదీ తరువాతి రెండు పనిదినాలలోగా ప్రొటెస్టు జరిపించాలి. దీనిని నోటరీ గాని, న్యాయస్థానపు అమీనాను పోలిన 'ఉయిసియే' గాని జరిపేవారు. 2022 జులై 1 నుండి ఉయిసియేల స్థానంలో 'కొమిసేర్ ద జుస్తీస్' అనే అధికారులు వచ్చారు. బిల్లు చెల్లలేదని హక్కుదారు తనకు ఎండార్సు చేసిన వ్యక్తికి నాలుగు పనిదినాలలో తెలియజేయాలి.

ప్రొటెస్టు గడువు దాటితే ఎండార్సర్లపై హక్కు పోతుంది. బిల్లు స్వీకర్త బాధ్యత మాత్రం నిలిచి ఉంటుంది. బిల్లుకర్త దానిపై "ఖర్చులు లేకుండా వాపసు" అని వ్రాసి సంతకం చేస్తే ప్రొటెస్టు అవసరం లేదు.

చెక్కులు

ఫ్రాన్సు ప్రధాన భూభాగంలో వ్రాసి, అక్కడే చెల్లవలసిన చెక్కును ఎనిమిది రోజులలో బ్యాంకుకు సమర్పించాలి. ఖాతాలో సొమ్ము లేకున్నా 15 యూరోలు మించని చెక్కును, వ్రాసిన నెలలోగా సమర్పిస్తే, బ్యాంకే చెల్లించాలి.

పెద్ద చెక్కుల విషయంలో ఆచరణలో ప్రొటెస్టు కన్న బ్యాంకు ఇచ్చే 'చెల్లింపు జరగలేదన్న ధ్రువపత్రం' ముఖ్యమైనది. మొదటి సమర్పణ తరువాత 30 రోజులకూ సొమ్ము రాకపోతే హక్కుదారు దీనిని కోరవచ్చును. ఈ పత్రాన్ని అధికారి ద్వారా బాకీదారుకు అందజేసిన 15 రోజులలో చెల్లింపు జరగకపోతే, దావా లేకుండానే జప్తుకు వీలిచ్చే ఉత్తరువు లభిస్తుంది. సొమ్ము సరిచేసేవరకు, లేదా ఐదేళ్ళవరకు, బాకీదారు చెక్కులు వ్రాయరాదు. ఇటువంటివారి పట్టికను బాంక్ ద ఫ్రాన్స్ నిర్వహిస్తుంది.

విశ్లేషణ

ఖాతాలో సొమ్ము లేకుండా చెక్కు వ్రాయడం ఫ్రాన్సులో ఒకప్పుడు నేరం. 1991 డిసెంబరు 30 నాటి చట్టం దానిని నేరాల జాబితా నుండి తొలగించినది. అయితే ఎదుటివారికి నష్టం కలిగించే ఉద్దేశంతో ఖాతాలోని సొమ్ము తీసివేయడం నేటికీ నేరమే. భారతదేశం దీనికి ఎదురు దిశలో నడచినది. 1988లో చేసిన సవరణ, 138వ సెక్షను ద్వారా, చెక్కు అనాదరణను శిక్షార్హం చేసినది.

ఫ్రెంచి పద్ధతిలో బాకీదారుకు చెరసాల లేదు, చెక్కుపుస్తకం పోతుంది. హక్కుదారుకు విచారణ కోసం నిరీక్షణ తప్పుతుంది. కాని జప్తు చేయడానికి ఆస్తి లేనప్పుడు ఆ ఉత్తరువు కాగితంగానే మిగులుతుంది. బిల్లుల విషయంలో భారమంతా హక్కుదారుపైనే ఉన్నది. రెండు రోజుల గడువు తెలియని చిన్న వ్యాపారి, న్యాయం తనవైపే ఉన్నా, పూచీపడిన ఎండార్సర్లను కోల్పోతాడు.