తిట్టు కన్నా పిలుపే ఘాటు



రాజకీయాల్లో బూతులు, ఎగతాళి పేర్లు సోషల్ మీడియా తెచ్చిన జబ్బని గత సంచికలో మీ వ్యాసకర్త రాశారు. కోల్‌కతా భవానీపూర్‌లో ఉంటూ ఆ మాట ఒప్పుకోలేను. 2007 నందిగ్రామ్ భూసేకరణ గొడవల్లో సీపీఎం కార్యకర్తలకు ప్రత్యర్థులు తగిలించిన పేరు ‘హర్మాద్’. ఒకప్పుడు బెంగాల్ తీరాన్ని దోచిన పోర్చుగీసు ఓడదొంగల్ని జనం అలా పిలిచేవారు. ఫోన్లలో పుట్టిన తిట్టు కాదది.

ఇక్కడ వరసలూ తిట్లే. ‘పిషీ-భాయిపో’ అంటే మేనత్తా మేనల్లుడూ. జదుబాబు బజారులో చేపల బేరం మధ్య ఆ మాట దొర్లిందంటే తృణమూల్ నేతలు మమతా బెనర్జీ, అభిషేక్‌ల గురించేనని పసివాడికైనా తెలుసు. మమతను పిలిచే ‘దీదీ’, అంటే అక్క, మాత్రం గౌరవమే. 2021 అసెంబ్లీ ఎన్నికల ప్రచార సభల్లో ప్రధాని దాన్నే ‘దీదీ... ఓ దీదీ’ అని సాగదీస్తే వెక్కిరింత అయింది.

నన్ను గుచ్చేది వేరే మాట. ఆ ఎన్నికల్లోనే బీజేపీ నేతల మీద తృణమూల్ విసిరిన ‘బహిరాగత’, అంటే బయటివాడు. గుజరాతీలు, పంజాబీలు, మార్వాడీలు తరాలుగా బతుకుతున్న పేట ఇది. ఆ ఏడాది ఉపఎన్నికలో మమత ఇక్కడే 58 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు కనుక, వాళ్లు పెద్దగా పట్టించుకోలేదనే అనుకోవాలి. నాకు మాత్రం తెలంగాణ ఉద్యమ రోజుల్లో హైదరాబాద్‌లోని మా బంధువులు విన్న ‘సెట్లర్’ గుర్తొస్తుంది. మీ వ్యాసకర్త బూతుల పట్టికలో ఇలాంటి మర్యాదస్తుల మాటలకు చోటే లేదు.

— ఒక పాఠకుడు, భవానీపూర్, కోల్‌కతా