భయానకం నుంచి కరుణకు: స్టీఫెన్ కింగ్ మలిదశ రచనలు – విమర్శకుల తూనికరాళ్ళు

ప్రవేశిక

విస్తారంగా రాసిన రచయితపై విమర్శకులు ఇచ్చే తీర్పుల్లో అన్నిటికన్నా సులువైనది 'తొలి పుస్తకాలు చాలు, తర్వాతివి అక్కరలేదు' అనేది. ఈ తీర్పు ఇవ్వడానికి తర్వాతి పుస్తకాలు చదవవలసిన పని కూడా ఉండదు. అమెరికన్ భయానక నవలాకారుడు స్టీఫెన్ కింగ్ విషయంలో ఈ మాట దాదాపు లోకోక్తిగా స్థిరపడిపోయింది. 1974లో 'క్యారీ'తో మొదలైన ఆయన ప్రస్థానంలో ఇప్పటికి అరవైకి పైగా నవలలు వెలువడ్డాయి. వాటిలో 'సేలమ్స్ లాట్' (1975), 'ది షైనింగ్' (1977), 'పెట్ సెమెటరీ' (1983), 'ఇట్' (1986), 'మిజరీ' (1987) వంటి తొలిదశ నవలలనే అందరూ పదేపదే తలుస్తారు. 1999 జూన్‌లో మెయిన్ రాష్ట్రంలో రోడ్డు పక్కన నడిచి వెళ్తున్న కింగ్‌ను ఒక వ్యాను ఢీకొన్నది. ఆయన మృత్యుముఖం దాకా వెళ్ళి వచ్చారు. ఆ ప్రమాదం తర్వాత వెలువడిన పుస్తకాలను ఈ వ్యాసం 'మలిదశ రచనలు'గా పరిగణిస్తున్నది.

మలిదశ రచనలన్నీ గొప్పవని వాదించడం ఇక్కడి ఉద్దేశం కాదు. అవి చదవదగినవి కావన్న తీర్పు తప్పుడు తూనికరాళ్ళతో తూచి ఇచ్చినదని నిరూపించడమే ఉద్దేశం.

రెండు నిరాకరణలు – ఒకే లోపం

2003లో అమెరికాలోని నేషనల్ బుక్ ఫౌండేషన్ అమెరికన్ సాహిత్యానికి చేసిన విశిష్ట సేవకు గాను కింగ్‌కు పతకం ప్రకటించినప్పుడు, యేల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు హెరాల్డ్ బ్లూమ్ 'బోస్టన్ గ్లోబ్' పత్రికలో తీవ్ర నిరసన తెలిపారు. కింగ్ రచనలకు సాహిత్య విలువే లేదన్నది ఆయన పక్షం. ఇది మొదటి నిరాకరణ. దీనిలో తొలిదశ, మలిదశ అన్న భేదమే లేదు. అన్నిటినీ ఒకే గాటన కట్టి పక్కన పెట్టడమే దీని పద్ధతి.

రెండవ నిరాకరణ అభిమానుల నుంచి వచ్చింది. వీరికి కింగ్ తొలి నవలలు ప్రాణం. మలి నవలలు 'భయపెట్టడం లేదు' అన్నది వీరి ఫిర్యాదు. మొదటి వర్గం కింగ్‌ను భయపెట్టే రచయిత మాత్రమే కాబట్టి తిరస్కరిస్తే, రెండవ వర్గం ఆయన సరిపడా భయపెట్టనందుకు తిరస్కరిస్తున్నది. పైకి పరస్పర విరుద్ధంగా కనిపించే ఈ రెండు వాదాలకూ పునాది ఒక్కటే: కింగ్ పని భయపెట్టడం, ఆయన పుస్తకానికి కొలమానం భయం.

తొలిదశ అంతా స్వర్ణయుగమన్న భావన కూడా పరీక్షకు నిలవదు. 'మిజరీ' వచ్చిన 1987లోనే 'ది టామీనాకర్స్' కూడా వచ్చింది. దాన్ని బలహీన రచనగా కింగే అంగీకరించారు. ఏడాదికి ఒక పుస్తకం కన్నా ఎక్కువ వేయడం మంచిది కాదని ఆనాటి ప్రచురణరంగం భావించేది. అందువల్లనే ఆయన రిచర్డ్ బాక్మన్ అన్న మారుపేరుతో మరికొన్ని నవలలు వెలువరించారు. 1985లో ఆ గుట్టు బయటపడింది. కాబట్టి అతిగా రాయడం వృద్ధాప్యంలో వచ్చిన జబ్బు కాదు, ఆయనకు మొదటి నుంచీ ఉన్న స్వభావమే. తొలిదశ పంటను నలభై ఏళ్ళ కాలం తూర్పారబట్టింది. తాలు ఎగిరిపోయి గింజలు మిగిలాయి. మలిదశ పంట ఇంకా కళ్ళంలోనే ఉంది. తూర్పారబట్టిన రాశిని, పట్టని రాశిని పక్కపక్కన పెట్టి రెండవదానిలో తాలు ఉందని నిందించడం న్యాయం కాదు.

అంగిరసం ఏది?

ఒక రచనలో ఏ రసం ప్రధానమో తేల్చడానికి ఇతివృత్తం ఒక్కటే ప్రమాణం కాదని భారతీయ ఆలంకారికులు ఏనాడో గుర్తించారు. ప్రబంధంలో ఒక రసం అంగిగా ఉంటే మిగిలినవి దానికి అంగాలై ఒదగాలన్న ఆనందవర్ధనుడు, యుద్ధాలతో నిండిన మహాభారతానికి వీరం కాక శాంతమే అంగిరసమని 'ధ్వన్యాలోకం'లో నిర్ణయించాడు. యుద్ధం ఉన్నంత మాత్రాన వీరమే అంగి కానట్లే, దయ్యం ఉన్నంత మాత్రాన భయానకమే అంగి కానక్కరలేదు. ఈ వివేచన సంస్కృత కావ్యాలకే పరిమితం కావలసిన అవసరం లేదు. కింగ్ మలిదశ ఉత్తమ రచనల్లో స్థాయీభావం శోకం, భయం దానికి తోడ్పడే భావం. అంగిరసం కరుణ, భయానకం అంగం. ఈ మార్పును గుర్తించకపోవడమే విమర్శకుల వైఫల్యం.

'పెట్ సెమెటరీ', 'రివైవల్' (2014) నవలలను పక్కపక్కన చదివితే ఈ మార్పు స్పష్టమవుతుంది. రెండింటిలోనూ బిడ్డను పోగొట్టుకున్న తండ్రి ఉన్నాడు. మొదటి నవలలో వైద్యుడైన లూయీ క్రీడ్ కొడుకు లారీ కింద పడి చనిపోతాడు. మృతులను తిరిగి లేపే శ్మశానభూమి అడవిలో ఉందని తెలిసిన ఆ తండ్రి రోజుల వ్యవధిలోనే కొడుకు సమాధి తవ్వుతాడు. కథాకాలం ఏడాదికి లోపే. దుఃఖం ముదిరే లోపే అది భీభత్సంగా మారిపోతుంది.

'రివైవల్' 1962లో మెయిన్‌లోని ఒక చిన్న ఊరిలో మొదలవుతుంది. బొమ్మ సైనికులతో ఆడుకుంటున్న ఆరేళ్ళ జేమీ మీద కొత్తగా వచ్చిన మతగురువు చార్లెస్ జేకబ్స్ నీడ పడుతుంది. కొంతకాలానికి జేకబ్స్ భార్యా కొడుకూ కారు ప్రమాదంలో మరణిస్తారు. ఆయన ప్రసంగవేదిక మీదనే తన విశ్వాసాన్ని త్యజిస్తాడు. తర్వాత అర్ధశతాబ్దం పాటు విద్యుత్తుతో ప్రయోగాలు చేస్తూ, మరణం ఆవల ఏముందో చూడాలన్న ఒక్క కోరికతో బతుకుతాడు. ఈ మధ్యకాలంలో జేమీ సంగీతకారుడవుతాడు, మాదకద్రవ్యాలకు బానిసవుతాడు, కోలుకుంటాడు, తనవాళ్ళను ఒక్కొక్కరిగా పోగొట్టుకుంటాడు. భయానక దృశ్యం నవల చివర మాత్రమే వస్తుంది. ఆ దృశ్యం పాఠకుణ్ణి కలచివేయడానికి కారణం అందులోని వికృతాకారాలు కావు. ముందే పోయినవాళ్ళంతా అక్కడే ఉన్నారన్న ఎరుక. ప్రేమ లేనిచోట ఈ భయానికి తావే లేదు. 'భయం కోసం చివరి దాకా ఆగవలసి వచ్చింది' అన్నవారు ఆ నవల ఐదు దశాబ్దాల పాటు పెంచుతూ వచ్చినదేమిటో గమనించలేదు.

కాలమే ప్రతినాయకుడు

'11/22/63' (2011) ఈ వాదనకు మరింత బలమైన ఆధారం. కెనడీ హత్యను ఆపడానికి గతంలోకి ప్రయాణించే మనిషి కథగా దీన్ని పరిచయం చేయడం పరిపాటి. కానీ నవల మొదలయ్యేది హత్యతోనో కాలద్వారంతోనో కాదు. కన్నీళ్ళు సులువుగా రాని ఆంగ్ల ఉపాధ్యాయుడు జేక్ ఎపింగ్, వయోజన విద్యార్థి అయిన ఒక పాఠశాల కాపలాదారు రాసిన వ్యాసాన్ని దిద్దుతూ ఏడ్వడంతో మొదలవుతుంది. తన బాల్యంలో తండ్రి తన కుటుంబాన్ని ఎలా చంపాడో ఆ వ్యాసంలో ఆ కాపలాదారు రాశాడు. ఆ ఏడుపే కథకు బీజం. గతంలో జేక్ ప్రేమించిన సేడీని చివరికి లోకక్షేమం కోసం వదులుకోవలసి వస్తుంది. నవల చివర వర్తమానంలో, తనను ఎరగని వృద్ధురాలైన సేడీతో అతను నృత్యం చేస్తాడు. దయ్యమూ రాక్షసీ లేని ఈ నవలలో ప్రతినాయకుడు కాలమే. ఈ ఆలోచన కింగ్‌కు 1970ల తొలినాళ్ళలోనే వచ్చినా, అప్పుడు పక్కన పెట్టి నాలుగు దశాబ్దాల తర్వాత రాశారు. యువకుడు రాయలేనిదాన్ని వృద్ధుడు రాశాడని చెప్పడానికి ఇంతకన్నా తార్కాణం అక్కరలేదు.

'డాక్టర్ స్లీప్' (2013) పట్ల జరిగిన అన్యాయం మరో ఉదాహరణ. ఇది 'ది షైనింగ్'కు కొనసాగింపు. ఆనాటి బాలుడు డ్యాన్ ఇప్పుడు తండ్రిలాగే తాగుబోతై, ఆ వ్యసనం నుంచి బయటపడి, మరణశయ్య మీద ఉన్నవారిని చూసుకునే కేంద్రంలో పనిచేస్తుంటాడు. ఇందులోని దుష్టపాత్రలు పాత హోటల్ అంత భయంకరంగా లేవన్నది నిజమే. అయితే నవల ప్రాణం ఆ దుష్టపాత్రల్లో లేదు, చనిపోతున్నవారి చేయి పట్టుకుని కూర్చునే డ్యాన్ గదిలో ఉంది. తండ్రి మత్తు ఇంటిని కూల్చిన కథను ముప్ఫై ఏళ్ళు నిండకముందే రాసిన రచయిత, ఆ శిథిలాల నుంచి కొడుకు ఎలా లేచాడో అరవై దాటాక రాశారు.

చివరి సాక్ష్యం 2024లో వచ్చిన కథాసంపుటి 'యూ లైక్ ఇట్ డార్కర్'లోని 'రాటిల్‌స్నేక్స్'. 1981 నాటి 'కూజో'లో పిచ్చికుక్క కాపలా కాసిన కారులో చిక్కుకుని ఒక పసివాడు ప్రాణం విడిచాడు. ఆ నవల ఆ మరణంతో ముగిసింది. ఈ కథ డెబ్బై దాటిన ఆ తండ్రితో మొదలవుతుంది. పొరుగున ఒక స్త్రీ ఎన్నడో పోయిన తన కవలల కోసం ఖాళీ తోపుడుబండిని నెట్టుకుంటూ తిరుగుతుంటుంది. తొలిదశ కింగ్ మరణం దగ్గర ఆగిపోయారు, మలిదశ కింగ్ మరణం తర్వాత మిగిలినవారు ఎలా బతుకుతారని అడుగుతున్నారు.

పూర్వపక్షం

మలిదశలో లోపాలు లేవనడం వాదం కాదు, భక్తి. ప్రమాదానంతరం బాధానివారక మందుల ప్రభావంలో చేత్తో రాసిన 'డ్రీమ్‌క్యాచర్' (2001) తనకే నచ్చదని కింగ్ చెప్పారు. వెయ్యి పేజీలు దాటిన 'అండర్ ది డోమ్' (2009) తన భారానికి తగిన ముగింపును ఇవ్వలేకపోయింది. హాలీ గిబ్నీ అన్న పరిశోధకురాలి చుట్టూ వరుసగా వచ్చిన పుస్తకాల్లో రచయితకు పాత్ర మీద ఉన్న మమకారం కథను మించిపోయింది. వీటిని వదిలేసినా పాఠకుడికి పెద్ద నష్టం లేదు.

మరొక ఆక్షేపణ గట్టిది: 'పెట్ సెమెటరీ'లోనూ శోకమే మూలం కదా, మరి కరుణ మలిదశ లక్షణం ఎలా అవుతుంది? బీజం తొలిదశలోనే ఉందన్నది ఒప్పుకోవలసిందే. అయితే ఆ నవల మరీ చీకటిగా ఉందని భావించి కింగ్ దాన్ని కొంతకాలం అచ్చుకు ఇవ్వలేదు. అప్పుడు తాను జంకిన చోటికే మలిదశలో ఆయన మళ్ళీ మళ్ళీ వెళ్ళారు. ఆక్షేపణ వాదాన్ని కూల్చకపోగా దానికి మూలం ఎక్కడుందో చూపుతున్నది.

తెలుగు విమర్శకు ఇందులో పని

ఈ చర్చ అమెరికాకే పరిమితం కాదు. వెయ్యి నవలల రచయితగా ప్రసిద్ధుడైన కొవ్వలి లక్ష్మీనరసింహారావును తెలుగు సాహిత్య చరిత్ర ఆ సంఖ్యతోనే గుర్తు పెట్టుకుంది. వాటిలో ఏది చదవదగినదో చెప్పగల విమర్శకులు అరుదు. 1980లలో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' పాఠకలోకాన్ని ఊపేసినప్పుడు, ఆ కోవ నవలలన్నిటికీ 'క్షుద్రసాహిత్యం' అన్న పేరు పడింది. మూఢనమ్మకాల వ్యాప్తి గురించి ఆనాడు వ్యక్తమైన ఆందోళన నిరాధారం కాదు. కానీ ఆ పేరు విమర్శకు ఆరంభం కావలసింది, ముగింపు అయింది. ఒక నవలకూ మరో నవలకూ, ఒకే రచయిత తొలి రచనకూ మలి రచనకూ ఉన్న తేడాను తేల్చే పని అక్కడితో ఆగిపోయింది. పేరు పెట్టడం చదవడానికి ప్రత్యామ్నాయం కాదు.

ముగింపు

కింగ్ మలిదశ రచనలు చదవదగినవా అన్న ప్రశ్నకు సమాధానం: ఎంచి చదివితే, తప్పక చదవదగినవి. 'రివైవల్', '11/22/63', 'డాక్టర్ స్లీప్', 'రాటిల్‌స్నేక్స్' తొలిదశ ఉత్తమ రచనల పక్కన తలెత్తుకు నిలబడతాయి. కొన్నిచోట్ల, ముఖ్యంగా కాలాన్నీ వార్ధక్యాన్నీ చిత్రించడంలో, వాటిని మించుతాయి. భయం కోసమే చదివేవారికి అవి నిరాశ కలిగించవచ్చు. అది పాఠకుడి అభిరుచికి సంబంధించిన విషయం, రచన విలువకు సంబంధించినది కాదు. పాఠకుడికి ఆ స్వేచ్ఛ ఉంది. చదవకుండా తీర్పు చెప్పే స్వేచ్ఛ మాత్రం విమర్శకుడికి లేదు.