బడికి నోచుకోని బాలనటి

హాస్టల్ వార్షికోత్సవాలకు వచ్చే పెద్దలు తరచుగా అనే మాట ఒకటుంది: "ప్రతిభకు పేదరికం అడ్డు కాదు" అని. ఆ మాటకు మేమూ ఏటా చప్పట్లు కొట్టాం. కానీ జపాన్ నటి హిదెకో తకమినె జీవితం గురించి తెలుసుకున్నాక ఆ మాటను ఒప్పుకోలేకపోతున్నాం.

హిదెకో 1924లో హకొదతె పట్టణంలో పుట్టింది. పసితనంలోనే తల్లి చనిపోతే మేనత్త పెంపకానికి తీసుకుంది. 1929లో, ఐదేళ్ల వయసులో, 'అమ్మ' అనే మూకీ చిత్రంతో తెరకెక్కింది. అప్పటి నుంచి కుటుంబ భారం ఆ పసిదాని మీదే పడింది. షూటింగులతో బడికి వెళ్లే తీరికే లేదు. ఒక మాస్టారు తెచ్చిచ్చిన బొమ్మల పుస్తకాలతో అక్షరాలు నేర్చుకుంది.

విచిత్రం ఏమిటంటే, 1938లో ఒక చిత్రంలో బడిలో వ్యాసాలు బాగా రాసే పేదింటి పిల్లగా నటించింది. 1954లో కినొషిత తీసిన 'ఇరవై నాలుగు కళ్లు' చిత్రంలో ఏకంగా పన్నెండు మంది పిల్లల పంతులమ్మ అయింది. అందులో బడి మానిన ఒక అమ్మాయి హోటల్లో పనిచేస్తూ ఆ పంతులమ్మకు కనిపిస్తుంది. ఆ ఘట్టం చూసి మేము చాలాసేపు మాట్లాడుకోలేకపోయాం.

హిదెకో 1976లో తన జీవితకథను పుస్తకంగా తెచ్చి రచయిత్రిగా బహుమతి కూడా అందుకుంది. 1979లో నటన మానుకుంది, 2010లో కన్నుమూసింది. "చూశారా, బడి లేకపోయినా ఎంత ఎదిగిందో!" అని కొందరంటారు. మేము అలా అనం. యాభై ఏళ్ల పేరు ప్రఖ్యాతులు కూడా ఆమెకు పోయిన బడిని తిరిగి ఇవ్వలేదు. పైగా అందరూ హిదెకోలు కాలేరు.

మా ఇళ్లలో మేమే మొదటి డిగ్రీ వాళ్లం. మాతో ఏడో తరగతి చదివిన కొందరు సెలవులకు ఊరెళ్లి పత్తి చేలల్లో, హోటళ్లలో ఉండిపోయారు. వాళ్లలో మాకన్నా తెలివైనవాళ్లున్నారు. మాకు దక్కి, వాళ్లకు దక్కనిది ప్రతిభ కాదు. ఒక ట్రంకు పెట్టె, వేళకు అన్నం, సాయంత్రం స్టడీ అవర్.

అందుకే అంటున్నాం, ప్రతిభకు పేదరికం అడ్డే. ఆ అడ్డు తొలగించడానికే హాస్టల్ ఉంది. తమ్ముళ్లారా, దసరా సెలవుల తర్వాత మీ పక్కవాడి పెట్టె తెరుచుకోకపోతే వార్డెన్ గారికి చెప్పి ఊరుకోకండి. వాడి ఊరెళ్లి వెంటబెట్టుకు రండి. పూర్వ విద్యార్థులైన అన్నలారా, వాళ్ల బస్సు చార్జీలు మనం పెట్టుకుందాం.