నమ్మకం పేరుతో మనిషిని చంపొద్దు: పుకారునూ బాణామతినీ ఒకే ప్రశ్నతో నిలదీద్దాం

నల్లగొండ, పాలమూరు అన్నలారా, అక్కలారా!

2018 ఎండాకాలం గుర్తు చేసుకోండి. ఆరుబయట మంచాలేసుకొని పడుకోవాల్సిన రోజుల్లో గద్వాల, వనపర్తి పల్లెలు పొద్దుగూకంగనే తలుపులు బిగించుకున్నాయి. ఊళ్లు తిరిగే ఒక కానిస్టేబుల్ ఇది గమనించి పై అధికారులకు చెప్పాడు. ఆరా తీస్తే జనం ఫోన్లలో వీడియోలు బయటపడ్డాయి. పార్థీ అనే దొంగల ముఠా దిగిందట, పిల్లల్ని ఎత్తుకుపోతుందట, కిడ్నీలు తీసి అమ్ముకుంటుందట!

ఆ మే నెలలోనే బీబీనగర్ మండలం జియాపల్లిలో, చుట్టాల ఇంటికి వచ్చిన ఆటో డ్రైవర్‌ను దొంగ అనుకొని కొట్టి చంపారు. పాలమూరు నుంచి హైదరాబాద్ వెళ్లి అడుక్కుంటున్న ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను చాంద్రాయణగుట్టలో గుంపు పొట్టనబెట్టుకుంది. జులైలో బీదర్ జిల్లా ముర్కి దగ్గర హైదరాబాద్ యువ ఇంజినీరు బలైపోయాడు. అతడూ, వెంట ఉన్న మిత్రులూ చేసిన తప్పల్లా బడిపిల్లలకు చాక్లెట్లు పంచడం.

అప్పుడు దేశమంతా తిరిగిన వీడియోల్లో ఒకటి కరాచీలో తీసింది. బైకు మీద వచ్చినవాళ్లు పిల్లవాణ్ని ఎత్తుకెళ్తారు, వెంటనే తెచ్చి దింపి, హెచ్చరిక రాసిన ఒక బోర్డు చూపిస్తారు. తల్లిదండ్రులకు అవగాహన కల్పించడానికి తీసిన వీడియో అది. ఎవరో ఆ చివరి ముక్క కత్తిరించి వదిలారు. ఎక్కడిది, ఎప్పటిది, పూర్తిగా ఉందా అని ఒక్కరు అడిగినా అది అక్కడే ఆగిపోయేది.

ఫోను కొత్తది. రుజువు అడగకుండా నమ్మే జబ్బు మాత్రం మన ఊళ్లకు పాతదే. ఇంట్లో ఒకరికి జ్వరం తగ్గదు, బర్రె పాలివ్వదు, పసిబిడ్డ చనిపోతుంది. వెంటనే ఎవరో బాణామతి చేశారనే మాట పుడుతుంది. భూతవైద్యుడి దగ్గరికి పోతే ఆయన ఒక దిక్కు చూపిస్తాడు. ఆ దిక్కున ఉండేది ఒంటరి ముసలమ్మో, అండలేని దళితుడో, భూమి తగాదా ఉన్న దాయాదో. పళ్లు రాలగొడితే మంత్రం నోట పలకదని తెలంగాణ పల్లెల్లో మనుషుల్ని చెట్టుకు కట్టేసి పళ్లూడగొట్టిన ఘోరాలు జరిగాయి.

బాణామతి, పుకారు, ఈ రెంటి వెనుక ఉన్న తర్కం చూడండి. బాణామతి నింద పడినవాళ్లు ఒప్పుకుంటే నేరం రుజువైనట్టు, ఒప్పుకోకపోతే గుట్టు దాస్తున్నట్టు. కొట్టినాక రోగి కోలుకుంటే మంత్రం విరిగిందంటారు, కోలుకోకపోతే ఇంకో మంత్రగాడు ఉన్నాడంటారు. పుకారుదీ అదే దారి. పోలీసులు ఏ ముఠా లేదంటే వాళ్లూ ముఠాతో కలిశారంటారు. పేపర్లో రాకపోతే అణచిపెట్టారంటారు. ప్రశ్నించిన మనిషి ఒకచోట ద్రోహి, ఇంకోచోట పాపి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే ఈ పట్టుదలలో రుజువుకు చోటే లేదు.

తత్వవేత్త కార్ల్ పాపర్ ఈ చుట్టరికాన్ని ఏనాడో గుర్తించాడు. లోకంలో జరిగే ప్రతిదీ దేవతల పన్నాగమని పూర్వం నమ్మేవారు. ఆ పీఠం మీది నుంచి దేవతలను దింపి రహస్య ముఠాలను కూర్చోబెట్టడమే కుట్ర సిద్ధాంతం అన్నాడు. రుజువు ఎదురు తిరిగినా నమ్మకం ఎట్లా నిలుస్తుందో చూడండి. 1954 డిసెంబర్ 21న ప్రళయం వస్తుందని అమెరికాలో ఒక చిన్న బృందం నమ్మింది. ఆ రోజు వచ్చింది, పోయింది, వరద రాలేదు. తమ భక్తి వల్లనే లోకం బతికిందని వాళ్లు చెప్పుకొన్నారు. జోస్యం తప్పినా నమ్మకాన్ని అట్లా నిలబెట్టుకోజూశారు.

ఇది భక్తి మీద యుద్ధం కాదు. జాన్‌పహాడ్ సైదులు దర్గా ఉర్సుకు హిందువులు పోతారు, పీర్ల పండుగలో కులమతాలు లేకుండా అలాయి చుట్టూ ఆడతారు. కురుమూర్తి జాతరకు లక్షల మంది వస్తారు. ఈ భక్తి ఎవరినీ శత్రువని వేలెత్తి చూపదు, ఎవరి ప్రాణాన్నీ అడగదు. ప్రశ్నించినవాణ్ని పాపిని చేసే నమ్మకంతోనే మన పేచీ.

నిప్పు లేనిదే పొగ రాదు గదా అంటారు కొందరు. పిల్లల అమ్మకాలు నిజంగానే జరుగుతాయి. జియాపల్లి ఘటన జరిగిన యాదాద్రి జిల్లాలోనే, అదే ఏడాది, యాదగిరిగుట్టలో వ్యభిచార గృహాల నుంచి చిన్న ఆడపిల్లలను పోలీసులు విడిపించారు. సమాచారం, తనిఖీ, సాక్ష్యం, కేసు: ఆ పిల్లలు బయటపడింది ఈ దారినే. గుంపులు దారినపోయే పరాయివాళ్లను కొడుతున్న రోజుల్లో అసలు నేరం ఊరి నడుమ ఇళ్లలోనే ఉంది.

పుకార్లను ఆపే మార్గం కూడా మన జిల్లాల్లోనే దొరికింది. అప్పట్లో గద్వాల, వనపర్తి ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఒక్కో గ్రామాన్ని ఒక్కో పోలీసుకు అప్పగించారు. వాళ్లు ఊళ్లకు పోయి జనంతో కూర్చున్నారు, సర్పంచులను కలుపుకున్నారు, డప్పు కొట్టి పాటలు కట్టి అబద్ధపు వీడియోల గుట్టు విప్పారు. దాదాపు 400 గ్రామాలున్న ఆ ప్రాంతంలో ఈ పుకారుకు ఒక్క ప్రాణం కూడా పోలేదు.

కాబట్టి మా డిమాండ్లు ఇవి:

1. పుకారు గానీ, మంత్రాల నింద గానీ వస్తే ముందు పంచాయతీకి, పోలీసులకు చెప్పాలని, ఎవరి మీదా చేయి వేయరాదని ప్రతి గ్రామసభ తీర్మానం చేయాలి.

2. 2018 నాటి ఊరికో పోలీసు పద్ధతిని ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలన్నిటా శాశ్వతంగా అమలు చేయాలి.

3. అంతుపట్టని జబ్బు వచ్చిన ఇంటికి భూతవైద్యుడి కంటే ముందు ప్రభుత్వ డాక్టర్ చేరాలి. మానసిక వైద్యం మండల కేంద్రంలోనే అందాలి.

4. మంత్రాలు, చేతబడి పేరుతో జరిగే ఘోరాల మీద మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో చట్టాలు చేశాయి. ఫలానావాళ్లు చేతబడి చేశారని, మంత్రంతో పశువుల పాలు తగ్గించారని ప్రకటించడం కూడా మహారాష్ట్రలో నేరమే. మహారాష్ట్ర చట్టం కోసం పోరాడిన నరేంద్ర దభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న కాల్చి చంపారు. తెలంగాణకూ అలాంటి చట్టం కావాలి. మనిషి చచ్చినాక పెట్టే హత్య కేసు చాలదు, నింద వేసిన రోజే చట్టం కదలాలి.

5. శాస్త్రీయ దృక్పథం పెంపొందించుకోవడం పౌరుల ప్రాథమిక విధి అని రాజ్యాంగం 51ఎ(హెచ్) చెబుతుంది. ప్రతి బడిలో పిల్లలకు ఒక వార్తను ఎట్లా పరీక్షించాలో నేర్పాలి.

చట్టం వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. ఈసారి ఫోన్లో వీడియో వచ్చినా, వాడకట్టులో గుసగుస మొదలైనా ఒక్క ప్రశ్న వేయండి: ఇది అబద్ధమైతే మనకు ఎట్లా తెలుస్తుంది? జవాబు లేని మాటను నమ్మకండి, ఇంకొకరికి పంపకండి, దాని పేరు మీద చేయి ఎత్తకండి. ఎవరైనా ఎత్తితే అడ్డం నిలబడండి, 112కు ఫోన్ చేయండి. ఈ కరపత్రాన్ని వచ్చే గ్రామసభకు తీసుకుపోయి అందరి ముందు చదివి, తీర్మానం చేయించండి.