ఫైలు ఉంది, కానీ లేదట!

లినక్స్‌లో స్క్రిప్టు మొరాయించిందంటే చాలు, మనవాళ్ళు ముందుగా కొట్టేది సీహెచ్‌మోడ్ 777. పదేళ్ళ అనుభవం ఉన్న ఘనులు కూడా ఇంతే. రూట్ పేరుతో క్రాన్‌లో నడిచే స్క్రిప్టుకి ఆ పని చేస్తే, ఆ సర్వర్లో లాగిన్ ఉన్న ఎవడైనా అందులో తనకిష్టమైన లైను రాసి రూట్ చేత చేయించుకోవచ్చు. 'పర్మిషన్ డినైడ్' అని వస్తే ప్లస్ ఎక్స్ ఇచ్చి చూడండి, చాలాసార్లు అదే చాలు. 'నో సచ్ ఫైల్' అని వస్తే అసలు పర్మిషన్లతో పనేంటండీ?

కాట్రేనికోనలో ఉండే మా పిన్నిగారబ్బాయి ఇంజినీరింగ్ చదువుతున్నాడు. మొన్న ఫోన్ చేసి "అన్నయ్యా, ఎల్ఎస్ కొడితే ఫైలు కనపడతంది, రన్ చేస్తే లేదంటంది" అన్నాడు. అప్పటికే 777 అయింది, సుడో కూడా అయింది. ఫైల్ అనే కమాండ్ ఇచ్చి చూడమంటే 'సీఆర్ఎల్ఎఫ్' అని బయటపడింది.

లేనిది స్క్రిప్టు కాదు, మొదటి వరుసలో #! తర్వాత రాసిన ఇంటర్‌ప్రెటర్. విండోస్ నోట్‌ప్యాడ్‌లో కొత్త ఫైలు రాస్తే ప్రతి వరుస చివరా కంటికి కనపడని క్యారేజ్ రిటర్న్ ఒకటి చేరుతుంది. కెర్నెల్ దాన్ని కూడా పేరులో భాగమే అనుకుని, తోక ఉన్న బాష్ కోసం వెతుకుతుంది. దొరకదు మరి! పాత బాష్ అయితే 'బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్' అని ఆ తోకతో సహా చూపించేది. 2022లో వచ్చిన 5.2 'రిక్వైర్డ్ ఫైల్ నాట్ ఫౌండ్' అని ఊరుకుంటుంది, ఏ ఫైలో చెప్పదు. నన్నడిగితే పాతదే నయం.

తెలుగులో కామెంట్లు రాసేవాళ్ళకి ఇంకో చిక్కుండేది. 2019కి ముందు నోట్‌ప్యాడ్ యూటీఎఫ్-8లో సేవ్ చేసేటప్పుడు ఫైలు మొదట్లో 3 బైట్ల బామ్ పెట్టేసేది. (అలా సేవ్ చేసిన పాత ఫైళ్ళు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.) #! అనేవి మొట్టమొదటి రెండు బైట్లు కాకపోతే కెర్నెల్ గుర్తించదు, దాంతో బాషే ఆ ఫైలుని నడపబోతుంది. అది పైథాన్ స్క్రిప్టయితే ఇంపోర్ట్ అనే కమాండ్ దొరకలేదని గోల. ఇమేజ్‌మ్యాజిక్ ఉన్న డెస్క్‌టాప్‌లో అయితే ఇంపోర్ట్ నిజంగానే దొరుకుతుంది, మౌస్ ప్లస్ గుర్తుగా మారి స్క్రీన్‌షాట్ కోసం ఎదురుచూస్తుంది :) ఇదంతా చూసి "కోడులో తెలుగు రాయకూడదు" అని తీర్మానించేసే పెద్దలున్నారు. తెలుగేం చేసిందండీ, ఆ 3 బైట్లు చేసిన నిర్వాకం అది.

డాస్2యునిక్స్ కొడితే తోకలూ పోతాయి, బామూ పోతుంది. ఆ తర్వాత, కంగారులో 777 ఇచ్చినవి ఉంటే వెనక్కి వెళ్ళి 755 చేయండి.