ఊహకూ ఒక న్యాయం ఉండాలి

"పువాతియేలో మనవాళ్లు గెలిచి ఉంటే యూరప్ అంతా మనదే అయ్యేది కదా చాచా?" మా మొహల్లా పఠనాలయానికి వచ్చే ఇంటర్మీడియట్ విద్యార్థి ఒకడు ఇటీవల మమ్మల్ని ఇలా అడిగాడు. ఇదే ప్రశ్నను భయంతో అడిగేవారూ ఉన్నారు: "ముస్లిములు గెలిచి ఉంటే యూరప్ గతి ఏమయ్యేది?" ఒకరిది గర్వం, మరొకరిది భయం. రెండింటికీ ఆధారం ఒకే కల్పన.

ఒక యుద్ధ ఫలితాన్ని తారుమారు చేసి, ఆపై లోకం ఎలా ఉండేదో ఊహించే రచనలను ప్రత్యామ్నాయ చరిత్ర అంటారు. ఆంగ్ల చరిత్రకారుడు గిబ్బన్ 1788లో వెలువడిన తన సంపుటంలో ఈ యుద్ధాన్ని గురించే అటువంటి ఊహ చేశాడు. అరబ్బులు గెలిచి ఉంటే ఆక్స్‌ఫర్డ్‌లో ఖుర్ఆన్ వ్యాఖ్యానం బోధించేవారేమోనన్నాడు. ఆ మాటే తరువాత ఎందరికో చరిత్ర అయిపోయింది.

మేము ఉద్యోగ జీవితమంతా దస్త్రాల మధ్య గడిపాము. సర్వీసు రిజిస్టరులో పుట్టిన తేదీ మారితే పదవీ విరమణ తేదీ, పెన్షను లెక్క అన్నీ మళ్లీ సరిచూడవలసిందే. ఒక్క తేదీని మార్చి తక్కినవి ఇష్టానుసారం రాస్తే ఆ దస్త్రం చెల్లదు. ఈ కథలకూ అదే నియమం వర్తిస్తుంది. మొదటి 'ఒకవేళ'ను రచయితకు వదిలిపెట్టవచ్చు. ఆ తరువాతి ప్రతి అడుగూ నాటి పరిస్థితులకు పొసగవలసి ఉంటుంది.

ఆ దృష్టితో 732ను పరిశీలిద్దాం. అందలూసియా పాలకుడు అబ్దుర్రహ్మాన్ అల్ గాఫిఖీ ఆ యుద్ధంలో అమరుడయ్యాడు. ఆయన గెలిచాడనే అనుకుందాం. కార్డోబా నుండి ఆ రణరంగం వెయ్యి కిలోమీటర్ల దూరం. అంత దూరాన సైన్యాన్ని నిలిపి, పోషించి, పాలన సాగించడం ఒక్క విజయంతో అయ్యే పని కాదు. పైగా 740లో ఉత్తర ఆఫ్రికాలో బెర్బర్లు తిరుగుబాటు చేశారు. 750లో ఉమయ్యద్ ఖిలాఫత్ కూలి అబ్బాసీలు అధికారానికి వచ్చారు. ఆ అంతఃకలహాల మూలాలు యుద్ధానికి ముందే ఉన్నాయి. పువాతియే విజయం వాటిని తుడిచివేసేది కాదు. ఆ ఓటమితో అంతా ముగిసిపోయిందనడమూ సరికాదు. నార్బొన్ నగరం 759 వరకు ముస్లిముల చేతిలోనే ఉన్నది.

మనుషుల సంగతి మరింత ముఖ్యం. అక్విటేన్ ప్రభువు ఓడో 721లో తులూజ్ వద్ద ముస్లిం సైన్యాన్ని ఓడించాడు. అతడే తరువాత మునూజా అనే బెర్బర్ నాయకునికి తన కుమార్తెనిచ్చి వివాహం చేసి పొత్తు కుదుర్చుకున్నాడు. 713లో ముర్సియా ప్రాంతపు క్రైస్తవ ప్రభువుతో కుదిరిన ఒప్పందం చర్చిలను తగులబెట్టరాదని, కప్పానికి బదులుగా ప్రజల మతం జోలికి పోరాదని హామీ ఇచ్చింది. స్నేహం, వైరం, భయం, బేరం అన్నీ కలగలిసిన కాలమది. అటువంటి కాలాన్ని రెండు మతాల రెండు సేనలుగా కుదించే కథలో మొదట చచ్చేది చరిత్రే.

కల్పన చేయరాదని మా అభిప్రాయం కాదు. కిమ్ స్టాన్లీ రాబిన్సన్ 2002లో రాసిన 'ది ఇయర్స్ ఆఫ్ రైస్ అండ్ సాల్ట్' నవలలో ప్లేగు వల్ల యూరప్ ప్రజలు దాదాపు అందరూ మరణిస్తారు. నిజానికి ఏ మహమ్మారీ ఒక ఖండాన్ని అలా తుడిచిపెట్టలేదు. అయినా ఆ తరువాత ఆయన చూపే ముస్లిములలో పండితులున్నారు, వారితో వాదించే స్త్రీలున్నారు, యుద్ధంతో విసిగినవారున్నారు. అందుకే ఆ అసాధ్యమైన ఆరంభాన్ని మనం క్షమించగలం.

'వాళ్లందరూ ఒక్కటే' అనే మాట వల్ల కలిగే నష్టం మైనారిటీలకు వేరే చెప్పనక్కరలేదు. ఆ మాటను పరాయివారు భయంతో అంటే బాధపడే మనం, మన పిల్లలు గర్వంతో అంటే మురిసిపోవడం న్యాయమా? ఆ కుర్రవాడికి మేము చెప్పింది ఇదే: "గెలిచి ఉంటే అని తప్పక ఊహించు బేటా. కానీ మరుసటి ఉదయం ఆ సైన్యానికి రొట్టె ఎక్కడి నుండి వచ్చేదో, ఆ ఊరి ప్రజలు ఏమనుకునేవారో కూడా ఊహించు." అతడు ఇప్పుడు అందలూసియా చరిత్ర పుస్తకం కావాలంటున్నాడు. మన పఠనాలయాలలో అటువంటి పుస్తకాలు ఉంచవలసిన బాధ్యత పెద్దలది.