బ్రిటన్‌లో బీరు ఉద్యమం పబ్బుల రక్షణకు ఎందుకు మళ్లింది?

సంప్రదాయ బీరు పరిరక్షణకై 1971లో నలుగురు మిత్రులు ఆరంభించిన ‘కామ్రా’ నేడు బ్రిటన్‌లోని ప్రముఖ వినియోగదారుల సంఘాలలో ఒకటి. వడగట్టి, పాశ్చరీకరించి, వాయుపీడనంతో అందించే బీరును భారీ కంపెనీలు విస్తరింపజేస్తున్న కాలమది. పీపాలోనే రెండోసారి పులిసే ‘రియల్ ఏల్’ కనుమరుగు కారాదన్నదే సంఘం తొలి లక్ష్యం.

అయితే మన కల్లు మాదిరిగానే ఈ పానీయం నిల్వకు ఆగదు. పీపా తెరిచిన కొద్ది రోజుల్లోనే అమ్ముడుపోవాలి. నిత్యం జనం వచ్చే పబ్బు లేనిదే దానికి మనుగడ లేదు. అందువల్లే రుచి కోసం మొదలైన ఉద్యమం పబ్బుల రక్షణకు విస్తరించింది.

ఆ కృషి చట్టంలోనూ ప్రతిఫలించింది. 2017 నుంచి ఇంగ్లండ్‌లో పబ్బును కూల్చాలన్నా, దుకాణంగా మార్చాలన్నా ప్రణాళికా అనుమతి తప్పనిసరి. 2023 ఆగస్టులో స్టాఫర్డ్‌షైర్‌లోని ‘క్రుకెడ్ హౌస్’ పబ్బు దగ్ధమైంది. రెండు రోజులకే నేలమట్టమైంది. అనుమతి లేకుండా కూల్చారంటూ, పునర్నిర్మించాలని స్థానిక మండలి 2024లో నోటీసు జారీ చేసింది.

చట్టం భవనాన్ని కాపాడగలదు గాని గిరాకీని తేలేదు. పబ్బుల్లో పీపా నుంచి పోసే బీరుపై సుంకాన్ని సీసా బీరుపై కంటే తక్కువగా ప్రభుత్వం 2023 ఆగస్టులోనే నిర్ణయించింది. సూపర్‌మార్కెట్ల చౌక ధరలను తట్టుకునేందుకు ఆ వ్యత్యాసం చాలుతుందా అన్నదే ఇక అసలు పరీక్ష.